కూర్చున్న కొలత

స్నానాలగది గోడకి టైల్స్ తానే వేస్తానని మబ్బు అన్న రోజున అక్క నవ్వినంత నవ్వు ఆ ఇంట్లో చాలాకాలంగా ఎవరూ నవ్వలేదు. నవ్వి నవ్వి, కళ్ళలో నీళ్ళు ముంజేత్తో తుడుచుకుంది. వేళ్ళతో తుడుచుకోవడం మానేసి రెండేళ్ళయింది.

"మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకునే దానివి. నువ్వు గోడకి టైల్స్ వేస్తావా?"

చెల్లెలికి మబ్బు అని పేరు పెట్టిందే అక్క. చిన్నప్పుడు పాలు పొయ్యి మీద పెట్టి, కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయేది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా తెలిసేది కాదు. నలభై నాలుగేళ్ళొచ్చాయి, పేరూ పోలేదు, గుణమూ పోలేదు. ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో పని. వచ్చినవాళ్ళ కళ్ళముందు అద్దం తర్వాత అద్దం మారుస్తూ "ఇప్పుడెలా ఉంది?" అని అడుగుతుంది. వాళ్ళు "మసగ్గా ఉంది" అంటే, ఆ మసకలో వాళ్ళకేం కనిపిస్తోందో తనకీ చూడాలనిపిస్తుంది. దుకాణం యజమాని గొంతు సవరించుకుంటే తప్ప రెండో అద్దం వెయ్యదు.

అక్క దర్జీ. ముప్ఫై అయిదేళ్ళు మిషను తొక్కి, ఆ మిషను మీదే చెల్లెల్ని పెంచి, చదివించి, మనిషిని చేసింది. ఆ చేతులకి కీళ్ళ జబ్బొచ్చి వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. మందులు మింగుతూనే ఉంది, వేళ్ళు ముడుచుకుంటూనే ఉన్నాయి. అవి విచ్చుకునేది ఒక్కచోటే. సాయంత్రం వేడినీళ్ళు నింపిన తొట్టిలో మెడదాకా మునిగి అరగంట కూర్చుంటే, ముందు చిటికెన వేలు, తర్వాత దాని పక్కది, అలా ఆఖరికి బొటనవేలు. మబ్బు పక్కన పీట వేసుకుని లెక్కపెట్టేది. ఐదూ తెరుచుకున్నాక అక్క ఆ చేతిని చల్లటి గోడకి ఆనించి కాసేపు కళ్ళు మూసుకునేది. నిజం చెప్పాలంటే ఆ కాసేపటి కోసమే ఇద్దరూ రోజంతా గడిపేవారు.

అలాంటి తొట్టికి ఎసరొచ్చింది. దాని పక్క గోడలోంచి నీళ్ళు దిగి, కింది వాటాలో గడియారాలు బాగుచేసే పెద్దాయన పనిబల్ల మీద చుక్కచుక్కగా పడసాగాయి. ఆయన మంచివాడు. గొడవపడకుండా బల్ల జరుపుకుని, గుడ్డ చుట్టిన కర్రతో పైకప్పు మీద రెండుసార్లు తట్టేవాడు. "కారుతోందమ్మా" అని దానర్థం. ఇంటి ఓనరు మాత్రం మంచివాడు కాదు. నెలాఖరుకల్లా కారడం ఆగకపోతే తొట్టి పీకించి కుళాయి ఒక్కటే ఉంచుతానన్నాడు. అన్నాడంటే చేసే రకం.

మేస్త్రీలు ముగ్గురొచ్చారు. ఒకాయన రెండు నెలలాగమన్నాడు. రెండో ఆయన గోడ మీద కొట్టి చూసి, ఇప్పుడే వస్తానని వెళ్ళి ఇప్పటికీ రాలేదు. మూడో ఆయన ఇంత చిన్న పనికి మా వాళ్ళు తాపీ కూడా తియ్యరండీ అన్నాడు. అప్పుడన్నది మబ్బు, తనే వేస్తానని.

టైల్స్ కొట్టాయన చెవి వెనక పెన్సిలు తీసి, ఇంతకుముందెప్పుడైనా వేశారా అని అడిగాడు.

"లేదండీ."

"మంచిది. చెడ్డ అలవాట్లుండవు."

అట్ట ముక్క మీద గోడ బొమ్మ గీసి చెప్పుకుపోయాడు. "తొట్టి అంచుని నమ్మకండి. చూడ్డానికి తిన్నగా ఉంటుంది, రసమట్టం పెడితే తెలుస్తుంది దాని వంకర. అంచుకి ఒక వరస పైన చెక్కపట్టీ ఒకటి మట్టంగా కొట్టుకోండి. దాని మీద రెండో వరస మొదలెట్టి పైకి పొండి. అంతా ఆరాక పట్టీ పీకి, మొదటి వరస ఆఖర్న వెయ్యాలి."

కింద ఏ ఆధారమూ లేకుండా గాల్లో మొదలుపెట్టే పని లోకంలో ఉందని మబ్బుకి అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ ఎవరూ తనకి తగిన పని చెప్పలేదనిపించింది. అరచెయ్యంత పలకలు ఎంచుకుంది. పల్చటి ఆకుపచ్చ, దాని వెనకాల ఎక్కడో నీలం. ఏ రెండూ సరిగ్గా ఒక రంగు కావు.

పాత టైల్స్ ఊడగొట్టడంతో మొదలైంది. ఇల్లు పీకి పందిరి వేయడమంటే ఏమిటో వారం రోజులు కళ్ళారా చూసింది అక్క. అన్నంలో సున్నం, పక్కలో సున్నం, చెల్లెలి కనుబొమల్లో సున్నం. గోడ నున్నగా పూసి, తడి దిగకుండా రంగు రెండు పూతలు వేశాక, మబ్బు పలకలన్నీ పడకగది నేల మీద పరిచింది, గోడ మీద ఎలా ఉండాలో అలా.

ఆ సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడింది. నేలంతా నీళ్ళయింది. పలకల మెరుపు కప్పు మీద పడి కదులుతోంది. కదిలేది కిటికీ తెర అని తెలిసినా మబ్బుకి నీరే కదులుతున్నట్టుంది. కింద గడియారాలు ఒకదాని తర్వాత ఒకటి ఆరు కొట్టాయి. ఆ పెద్దాయన గడియారాలకి ఒకదానితో ఒకటి పడదు కనక ఆరు గంటలు ఆ ఇంట్లో నాలుగైదు నిమిషాలు ఉంటుంది. అంతసేపూ మబ్బు గుమ్మంలో నిలబడి, మంచం మీద కూర్చున్న అక్కని చూస్తూ ఉంది. చుట్టూ పచ్చటి నీళ్ళు, మధ్యలో పడవలో అక్క. ఈ పడవ ఎటైనా కొట్టుకుపోతే ఎలాగా అని ఒక్క క్షణం నిజంగానే భయమేసింది.

"ఏమే, కాలు పెట్టడానికి చోటు లేదు, నేను మంచం ఎలా దిగాలి?" అంది అక్క.

మరునాడు కత్తిరింపులు. గోడ చివర నిండు పలక పట్టదు కాబట్టి మూల ముక్కలు కోసుకోవాలి. కొలతలు అక్క చెప్తానంది. చేతులు పోయాయి గానీ కళ్ళెక్కడికి పోయాయి? చెల్లెలి చేత టేపు పట్టించి, సుద్దతో గీతలు గీయించింది. కుళాయి గొట్టానికి చెయ్యాల్సిన కన్నాన్ని కాజా అంది. దానికి కాగితంతో ఆది కత్తిరింపించింది. పక్కకి ఎంత రావాలో చూసి, ఒక్కో ముక్కకి అరంగుళం కలిపి చెప్పింది. మబ్బు గీసింది, గాటు పెట్టింది, టక్కుమని విరిచింది. ఆ టక్కు వినడానికి బావుంది. ఎడమ మూలకి కావలసిన పదకొండు ముక్కలూ పూర్తయ్యాక ఒకటి తీసుకెళ్ళి గోడకి పెట్టి చూసింది. పట్టలేదు. ఇంకోటి పెట్టింది. అదీ పట్టలేదు. అన్నీ అరంగుళం ఎక్కువే.

"అక్కా, ఈ అరంగుళం ఎందుకు కలిపాం?"

"ఎందుకేమిటే? కుట్టులోకి పోదూ?" అంది అక్క.

అన్నాక తనకే వినిపించింది ఆ మాట. ఇద్దరూ పలకల వంక చూశారు. పలకలకి కుట్టేమిటి, మడతేమిటి? అక్క ముందు నవ్వింది గానీ, మబ్బు అరంగుళం చెక్కబోయి మూడు ముక్కల్ని తునకలు చేశాక ఆ నవ్వు ఆగిపోయింది. అంత సన్నగా విరగమంటే పలక తిన్నగా ఎందుకు విరుగుతుంది? ఇంకా చెడగొడితే పలకలు చాలవు.

"నా బుర్ర కూడా వేళ్ళలాగే ముడుచుకుపోయిందే" అంది అక్క మెల్లగా.

ఆ మాట మబ్బుకి గుచ్చుకుంది. నేల మీది పలకల చెరువుని చూస్తూ కూర్చుంది. కాసేపటికి వంగి, చివరి పలకని అరంగుళం పక్కకి తోసింది. దాని పక్కదాన్నీ తోసింది.

"మొత్తం అరంగుళం కుడికి జరిపితే? ఎడమ ముక్కలు సరిపోతాయి. కుడి ముక్కలు అంతమేరా తగ్గించి కోద్దాం."

"నడిమధ్య గీత తప్పుతుందిగా."

"తప్పితే?"

అక్క ఆలోచించింది. "నిజమేలే. ఏ ఒళ్ళు మాత్రం సమానంగా ఉందీ? నా దగ్గరికొచ్చిన ప్రతి మనిషికీ ఒక భుజం పల్లమే. మనం చెప్పకపోతే వాళ్ళకే తెలీదు." ధైర్యం తిరిగొచ్చి, తన మొదటి ప్యాంటు కథ చెప్పింది. తపాలా మనిషికి కుట్టిందట. నిలబెట్టి, శ్రద్ధగా కొలిచి, ముచ్చటగా కుట్టిందట. ఆయన అది తొడుక్కుని సైకిలెక్కి కూర్చోగానే వెనక కుట్టు చర్రున విడిపోయింది. "ఆ రోజు ఉత్తరాలన్నీ వెనక్కి అడ్డం పెట్టుకుని పంచాడు పాపం. అప్పట్నుంచీ ఎవరొచ్చినా కుర్చీ వేసి కూర్చోబెట్టి ఇంకోసారి కొలిచేదాన్ని."

తర్వాతి రోజులు మబ్బుకి ఒకే పొడుగాటి రోజులా గడిచాయి. దుకాణం నుంచి రావడం, జిగురు సిమెంటు కలపడం, పళ్ళ తాపీతో గోడ మీద చాళ్ళు తియ్యడం, పలక నొక్కి కొంచెం అటూ ఇటూ కదపడం, సందులో చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టడం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని అక్క వెనకనుంచి అంటూనే ఉంది, తిండికి రమ్మని. ఆకుపచ్చ వరస మీద వరస లేచింది. కింద గడియారాల టిక్కుటిక్కులు గోడ పట్టుకుని పైకి వచ్చేవి. చేత్తో తాకితే పలకల్లో తెలిసేవి, లేక తెలిసినట్టుండేవి. ఒక్కోసారి పలక పట్టుకుని అలాగే నిలబడిపోయేది. సిమెంటు గిన్నెలో గట్టిపడిపోయేది. మళ్ళీ కలుపుకునేది.

కానీ ఆ రోజులన్నీ అక్కకి వేడినీళ్ళు లేవు. మొదటి వారం చేతులు పిడికిళ్ళయ్యాయి. రెండో వారం చెంచా పట్టుకోలేకపోయింది. మూడో వారం మబ్బు ముద్దలు చేసి తినిపిస్తుంటే గోడ వైపు చూస్తూ తింది. అక్క ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో కొత్త.

ఆఖరికి పట్టీ పీకి, మొదటి వరస వేసి, సందులు నింపి, తొట్టికీ పలకలకీ మధ్య సందులో నీళ్ళు దిగకుండా సిలికాను గీత పూసింది. రెండు రోజులు ఆరనిచ్చి, నెలాఖరు ఇంకా అయిదు రోజులుందనగా తొట్టి నింపింది. పరీక్షకి ముందు తనే దిగింది. కింద నుంచి చప్పుడు లేదు. తర్వాత అక్కని చేయి పట్టి దింపింది. అక్క మెడదాకా మునిగి "అమ్మయ్య" అంది. చిటికెన వేలు కదలబోతోంది. మబ్బు "ఒకటి" అనబోయింది.

కింద నుంచి కర్ర రెండుసార్లు తట్టింది.

మబ్బు మెట్లు దిగి వెళ్ళేసరికి పెద్దాయన చేతులు నలుపుకుంటూ గుమ్మంలోనే ఉన్నాడు. ఆయనకి చెవుడు కాబట్టి రహస్యాలు కూడా గట్టిగా చెప్తాడు. "ఎలా చెప్పాలో తెలీడం లేదమ్మా. ముందునుంచీ గమనిస్తున్నా. పొద్దుటి పూట నువ్వు దిగితే చుక్క రాదు. సాయంత్రం అక్కగారు దిగితేనే కారుతుంది."

పైన తలుపు తెరిచే ఉంది. మబ్బు పరుగున పైకొచ్చేసరికి అక్క ఎలా లేచిందో, ఎలా బయటికొచ్చిందో, తడి బట్టలతో మంచం మీద కూర్చుని ఉంది.

"విన్నాలే. నా బరువే కదా?"

"అక్కా..."

"నువ్వు బాగానే వేశావు. గోడది తప్పు కాదు, నీదీ కాదు. పీకించెయ్యమను ఆ తొట్టిని. నాకు చెంబెడు నీళ్ళు చాలు." లేచి వచ్చి, మోచేత్తో పడకగది తలుపు మూసుకుంది.

మబ్బు వెళ్ళి తొట్టి పక్కన పీట మీద కూలబడింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. మూడు వారాలు ఆ చేతుల్ని ముడిచిపెట్టి తను సాధించింది ఏమిటి? నీళ్ళ మీంచి ఆవిరి లేస్తోంది. ఆవిరి పలకల మీద పడి గోడ ఉందో లేదో తెలియకుండా పోయింది. ఆ మసకలోకి చూస్తూ కూర్చుంది. ఎంతసేపో తెలీదు. పాలు పొంగిన రోజు కూడా అలాగే కూర్చుందేమో. ఆవిరి తగ్గింది. ముందు పలకలు తేలాయి, తర్వాత వాటి మధ్య గీతలు. ఆఖర్న, తొట్టి అంచు దగ్గర, తను పూసిన తెల్లటి సిలికాను గీత. అక్క కూర్చున్న వైపు అది అంచుని వదిలేసి మూరెడు పొడుగున నోరు తెరుచుకుని ఉంది. చిరిగిపోలేదు. కుట్టు విడిపోయినట్టు విడిపోయింది.

ఆ విడిపోవడం తను ఎక్కడో విన్నది. సైకిలు మీద.

లేచి వెళ్ళి మూసిన తలుపు ముందు నిలబడింది. "అక్కా, నీ బరువుది కాదు తప్పు. మనిషి కూర్చుంటే తొట్టి కొంచెం దిగుతుంది. నేను ఖాళీ తొట్టికి పూశాను. నిలబెట్టి కొలిచి కుట్టానే నేను."

లోపల మంచం కిర్రుమంది.

"తపాలా ఆయన ప్యాంటు" అంది మబ్బు.

"తెలిసిందిలే" అంది లోపలి గొంతు. ఆ గొంతులో ఏడుపుంది, దాని అడుగున నవ్వూ ఉంది. "ఇన్నేళ్ళు నా దగ్గరుండి నేర్చుకుంది ఇదా? తలుపు తియ్యి, నా చేతులు గడియ పట్టవు."

పాత సిలికాను గీకెయ్యడానికి ఒకరోజు, ఆరడానికి ఒకరోజు పట్టింది. కొత్త సిలికాను గొట్టం కోసం వెళితే టైల్స్ కొట్టాయన నాలిక్కరుచుకున్నాడు. "తొట్టి నింపి పుయ్యాలమ్మా. ఆ ముక్క చెప్పలేదూ నేను? నీళ్ళు నింపితే చాలు, మనిషి అక్కర్లేదు."

"మా దగ్గర మనిషికి తొడిగి చూడందే కుట్టు వెయ్యరండీ" అంది మబ్బు.

ఆ సాయంత్రం అంచుకి జానెడు కిందదాకా వేడినీళ్ళు పట్టింది. అక్క పాత నూలు గౌనుతో దిగి కూర్చుంది. తొట్టి వెంట్రుకవాసి దిగిందో లేదో కంటికి తెలీదు, కానీ అక్క దిగిన చోట సందు వెడల్పయింది. మబ్బు అంచంతా పొడిగుడ్డతో మూడుసార్లు తుడిచింది.

"కదలకు. చిందించకు. ఊపిరి పీల్చుకోవచ్చు."

"పెద్ద మేస్త్రీవి దొరికావే" అంది అక్క. కదల్లేదు.

మబ్బు మోకాళ్ళ మీద కూర్చుని గీత పూసుకుంటూ వచ్చింది. నీళ్ళు వెచ్చగా, గది నిశ్శబ్దంగా, కింద గడియారాలు ఎవరి గంట వాళ్ళు కొడుతూ ఉన్నాయి. గీత మూలదాకా వచ్చింది గానీ నున్నగా లేదు, గొంగళిపురుగులా ఎగుడుదిగుడుగా ఉంది. సబ్బునీళ్ళలో తడిపిన వేలితో దాన్ని ఒక్క ఊపున నొక్కుకుంటూ పోవాలి. మబ్బు వేలు ముంచింది, పెట్టబోయింది. మూరెడు పోయిందో లేదో వేలు పక్కకి జారి గీత నలిగింది.

"ఆగు" అంది అక్క.

నీళ్ళలోంచి చెయ్యి పైకి తీసింది. నాలుగు వేళ్ళు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. బొటనవేలు ఒక్కటే విడివడి, తిన్నగా నిలబడి ఉంది. ఎప్పుడూ అన్నిటికన్నా ఆఖర్న తెరుచుకునే వేలు.

"సబ్బునీళ్ళు ఇటు పెట్టు."

బొటనవేలు ముంచి, గీత మొదట్లో ఆనించి, కళ్ళు కొంచెం చికిలించింది. తర్వాత లాగింది. ఆగలేదు, తొందరపడలేదు. ముప్ఫై అయిదేళ్ళపాటు ప్రతి కుట్టు పూర్తయ్యాక బట్ట మీద ఆ బొటనవేలితోనే ఒక్కసారి నొక్కి వదిలేది. మబ్బు చిన్నప్పుడు మిషను కింద కూర్చుని ఆ వేలు పోవడం చూస్తూ నిద్రపోయేది. ఇప్పుడు అదే వేలు పచ్చటి పలకల కిందుగా, ఈ మూల నుంచి ఆ మూలదాకా పోతోంది. దాని వెనక తెల్లటి గీత నున్నగా మిగులుతోంది. అక్క చెయ్యి అందినంత మేరా లాగి ఆపి, చెల్లెలి వంక చూసింది.

"ఏడుస్తావేం? జరుగు. ఆ పక్కది కూడా నేనే చేస్తా."

నీళ్ళని అలాగే వదిలేసి గీతని ఆరనిచ్చారు. నెలాఖరు రోజున మళ్ళీ వేడినీళ్ళు పట్టి అక్కని దింపింది మబ్బు. పీట మీద కూర్చుని, చెవులు నేలకి అప్పజెప్పింది. కింద కర్ర తట్టే చప్పుడు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చూస్తూ ఉంది. గడియారాలు ఆరు కొట్టడం మొదలుపెట్టి, ఒకదాని తర్వాత ఒకటి, తీరిగ్గా ముగించాయి. కర్ర మాత్రం తట్టలేదు.

"కిందికి కాదే, ఇటు చూడు" అంది అక్క.

అక్క అరచెయ్యి పచ్చటి పలకల మీద తెరుచుకుని ఉంది. మబ్బు వంగి, చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి, పైకే లెక్కపెట్టింది.